పౌడర్ మావయ్య చేతులు

పోయిన వారం కత్తి మేడమ్ చేతిలో కత్తి మెరుస్తుండగా ఆపాం కదా. ఇంక ఆపేదేం లేదు, ఆ కత్తి దిగింది.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసి ముందుకెళ్దాం. రబ్బరు వాషర్లు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, సైకిలు పిడి తొడుగులు చేసే చిన్న షాపు ఒకటుంది. అది మన పౌడర్ మావయ్యది. ముప్పై ఏళ్ళుగా రబ్బరు షీట్ల మీద తెల్ల పౌడర్ చల్లీ చల్లీ మోచేతుల దాకా పిండిమరలోంచి ఇప్పుడే బయటికొచ్చినట్టుంటాడు. అందుకే ఆ పేరు. ఆయనకో మేనకోడలు. మనిషి పిడికెడు, మాటలు గంపెడు. మావయ్య పిచ్చుకా అని పిలుస్తాడు. ఆ పిచ్చుక మూడేళ్ళు ల్యాబులో కూర్చుని బూడిద రంగు షీటు ఒకటి కనిపెట్టింది. దాని మీద నున్నటి గుడ్డ పరిచి తొక్కితే, ఆ రెండూ తాకి విడిపోయినప్పుడల్లా కాస్త కరెంటు పుడుతుంది. ఆ మాత్రానికి చిన్న దీపం వెలుగుతుంది.

అదేం వింత, అలాంటి పట్టాలు ఇదివరకే ఉన్నాయిగా అంటారేమో. ఉన్నాయి. జనం తొక్కీ తొక్కీ మూణ్ణెల్లకి లోపల బీటలు పడి మూలన పడతాయి. పిచ్చుక షీటు అలా కాదు. బీట పడితే తనంతట తనే మానిపోతుంది. మన మోకాలు గీరుకుంటే మానదూ, అచ్చం అలాగే. తెగిన అంచు తన తోటి అంచుని తాకితే చాలు, ఆరు గంటల్లో రెండూ కలిసిపోతాయి. గుడ్డకి అతుక్కోదు, చెక్కకి అతుక్కోదు. తన జాతిదైతేనే అతుక్కుంటుంది.

ఈ షీట్లు వెయ్యాల్సింది రైలు పట్టాల మీదుగా కట్టిన నడక వంతెనకి. నలభై మెట్లు, పొద్దు వాలితే చీకటిగుయ్యారం. పోయిన ఏడాది మావయ్య భార్య, అదే మన అత్తయ్య, ఆ మెట్ల మీదే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మెట్టుకో షీటు, షీటుకో దీపం. ఎవరి అడుగు వాళ్ళకి వెలుగు. నలభై షీట్లూ మావయ్య అప్పుడే చేసి ఉంచాడు.

సరేననాల్సింది స్టేషన్ ఇంజనీరు. ఏ సామాను తెచ్చినా ముందు కోసి చూస్తుంది కనక కత్తి మేడమ్. పొద్దున తొమ్మిదికి షాపుకొచ్చి, మావయ్య చేసిన షీటుని అడ్డంగా రెండు ముక్కలు చేసి, అంచుకి అంచు ఆనించి బల్ల మీద పెట్టింది. "మూడింటికి దీపం వెలగాలి. వెలగకపోతే మామూలు పట్టాలే వేయిస్తాను" అంది. ల్యాబువాళ్ళు కూడా పిచ్చుకకి చెప్పేశారు, ఇదీ తప్పితే ఆ షీటు కట్టిపెట్టి వేరే పని చూసుకోమని.

ఇప్పుడు గోడ మీద గడియారం మూడు కొట్టింది.

పిచ్చుక బల్ల మీదకి వంగింది. వేలి కొనతో షీటుని మెల్లగా లేపింది. ఒక ముక్క వచ్చింది. రెండోది బల్ల మీదే ఉండిపోయింది.

"ఉండండి మేడమ్, ఇంకో ఐదు నిమిషాలు..." అన్నాడు మావయ్య.

"ఆరు గంటల్లో కానిది ఐదు నిమిషాల్లో అవుతుందా?"

"అవదనుకోండి. మాటవరసకి అన్నాను."

పిచ్చుక ఏం మాట్లాడలేదు. అది చూసే మావయ్యకి భయం వేసింది. ఈ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్ళమ్మ మొత్తుకుంటుంది. అలాంటిది నోరు మూసుకుని సంచీలోంచి అగ్గిపెట్టంత ముక్క తీసింది. ల్యాబులో తన చేత్తో చేసింది. నిన్న కోసి, మళ్ళీ అతికి, మచ్చ కూడా లేకుండా నున్నగా ఉంది. దాన్ని పక్కన పెట్టి, ఇదెందుకు మానింది, అదెందుకు మానలేదు అని తనలో తనే గొణుక్కుంటూ నోటుపుస్తకం తిరగేసింది.

"పాళ్ళు తప్పానేమో. పెద్ద షీటుకి చేసేటప్పుడు ఎక్కడో లెక్క తప్పాను మావయ్యా. నాదే తప్పు."

"నీ లెక్క ఎందుకు తప్పుతుందే? మూడో ఎక్కం నేను తప్పు చెబితే దిద్దినదానివి."

"తప్పింది. కళ్ళెదురుగా కనపడుతోందిగా." కాగితం లాక్కుని రాయడం మొదలెట్టింది. ఈ షీటు వెనక్కి తీసుకుంటున్నాం అని. ఒక్కో అక్షరం రాస్తుంటే ముక్కు ఎర్రబడుతోంది.

అత్తయ్య మూలన వాషర్లు ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. మావయ్య వైపు చూసి, ఏదో ఒకటి చెయ్యండి అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. మావయ్య, నన్నేం చెయ్యమంటావు అన్నట్టు తెల్లటి చేతులు రెండూ చాపాడు.

కత్తి మేడమ్ బయల్దేరడానికి లేచింది. పద్ధతి గల మనిషి. పొద్దున్నుంచి బల్ల మీదే ఉన్న కత్తి మడిచే ముందు జేబులోంచి నల్ల గుడ్డ తీసి, అలుగు ఒక్కసారి తుడిచి, గుడ్డ దులిపి మడత పెట్టబోయింది.

ఆ నల్ల గుడ్డ మీద తెల్లటి గీత.

మావయ్య చూశాడు. ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్న తెలుపు అది. తన బనీను మీద చూశాడు, కంచం అంచున చూశాడు, అత్తయ్య జడ మీద చూశాడు. ఎక్కడున్నా గుర్తుపడతాడు.

తన చేతుల వైపు చూసుకున్నాడు.

రబ్బరు షాపులో ఎవరినైనా అడగండి, చెబుతారు. షీటు రోలర్లోంచి బయటికి రాగానే పౌడర్ మూట తీసి దాని మీద టపటపా నాలుగు దెబ్బలు వెయ్యాలి, గుడ్డతో సమంగా తుడవాలి. లేకపోతే ఒకదానికొకటి అంటుకుని పీడిస్తాయి. మావయ్య అది ఆలోచించి చెయ్యడు. మనం చెప్పులు విప్పి ఇంట్లోకి వస్తాం, విప్పానా లేదా అని తర్వాత గుర్తుంటుందా? అలాగన్నమాట. పిచ్చుక షీటు రోలర్లోంచి రాగానే ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండా మూట అందుకుంది. టపటపా నాలుగు. బూడిద రంగు మీద తుడిచేస్తే కంటికి ఆనదు. కత్తి దిగినప్పుడు మాత్రం ఆ పౌడర్ని తనతో పాటు లోపలికి లాక్కెళ్ళింది. అతుక్కోవాల్సిన రెండు అంచుల మధ్యా ఆ పౌడరే అడ్డంగా పడుకుంది.

పిల్ల ఇంకా రాస్తూనే ఉంది.

ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు, మావయ్య మనసు పక్కదారి పట్టింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. రేపు పౌడర్ లేకుండా ఇంకోటి చేసి, ఇదిగో చూడవే, ఈసారి కుదిరింది అనొచ్చు. కానీ ఆ కాగితం ఇవాళ వెళ్ళిపోతుంది. రేపు షీటు కుదిరినా, నా లెక్కే తప్పు అని ఈ పిల్ల బతుకంతా అనుకుంటుంది. షాపుకొచ్చిన మొదటిరోజు నాలుగేళ్ళ పిచ్చుక రోలరు చూసి, ఇది దేన్ని నముల్తోంది మావయ్యా అని అడిగిన మొహం గుర్తొచ్చింది.

"మేడమ్, ఆ గుడ్డ ఒకసారి ఇస్తారా?"

"దేనికి?"

"ఇవ్వండి, చెబుతాను." గుడ్డ తీసుకుని పిచ్చుక రాస్తున్న కాగితం మీద పరిచాడు. "నీ లెక్క తప్పలేదే. తప్పింది ఇదీ." రెండు చేతులూ దాని పక్కన పెట్టాడు. "షీటు మీద పౌడర్ చల్లాను."

గోడవతల సైకిలు బెల్లు వినపడింది.

పిచ్చుక గుడ్డ చూసింది, చేతులు చూసింది. "చల్లావా?"

"చల్లాను."

"మావయ్యా! గోడకి కాగితం అంటించాను కదా! నూనె తగలకూడదు, తడి తగలకూడదు, జిగురు తగలకూడదు అని ఇంతింత అక్షరాలతో రాశానా లేదా?"

"రాశావు. మూడూ తగలనివ్వలేదు, ఒట్టు. అందులో పౌడర్ లేదుగా."

"పౌడర్ ఎందుకుంటుంది? ల్యాబులో పౌడర్ ఎవరు చల్లుతారు?"

"షాపులో పౌడర్ ఎవరు చల్లరే? మాకది గాలి లాంటిది తల్లీ. గాలి పీల్చొద్దని నువ్వు రాయలేదు, పీల్చొచ్చా అని నేను అడగలేదు."

"నీ పేరే పౌడర్ మావయ్య! రోజుకి యాభై సార్లు ఆ పేరుతో పిలుస్తాను! నాకెందుకు తట్టలేదు?" అని పిచ్చుక తల పట్టుకుని, అలాగే ఫక్కున నవ్వింది. ఏడుపు సగం, నవ్వు సగం. అత్తయ్య కూడా నవ్వడం మొదలెట్టింది. మావయ్యకి నవ్వాలో కూడదో తెలీక కత్తి మేడమ్ మొహం చూశాడు.

ఆవిడ నవ్వలేదు. గడియారం చూసుకుంది. "నా రైలు ఐదున్నరకి. ఐదింటిదాకా ఉంటాను. కొత్త షీటు వద్దు, ఇదే కావాలి. నా ఎదురుగా కడగండి, నేనే మళ్ళీ కోస్తాను. అతుక్కుందా సరే, లేదా ఆ కాగితం పూర్తి చేసి ఇవ్వండి."

"దీనికి ఆరు గంటలు కావాలి మేడమ్!" అంది పిచ్చుక.

"అది మీరు చూసుకోండి."

ఇంక చూడాలి షాపులో హడావిడి. ముందు మావయ్య చేతులు. అత్తయ్య సబ్బు తెచ్చి మోచేతుల దాకా తోమింది. మూడు బకెట్ల నీళ్ళు పాలలా తెల్లగా పారాయి. లోపల్నుంచి చామనచాయ చేతులు రెండు బయటపడ్డాయి. ఒక చేతి మీద పుట్టుమచ్చ కూడా ఉంది.

"ఇదెప్పుడొచ్చిందండీ?" అంది అత్తయ్య.

"పుట్టినప్పుడే, పుట్టుమచ్చ కదే!"

"పెళ్ళయి పాతికేళ్ళయింది, ఇవాళే చూస్తున్నాను. ఆ రోజు కూడా ఇంత శుభ్రంగా లేరు."

తర్వాత షీటు. సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, తడి అంతా ఆరేదాకా విసిరారు. కత్తి మేడమ్ నల్ల గుడ్డతో రుద్ది చూసింది. గుడ్డ నల్లగానే ఉంది. పాత అంచులు సన్నగా చెక్కేసి, ఇంకోచోట మళ్ళీ అడ్డంగా కోసింది. టైము మూడూ ముప్పావు.

"వేడి తగిలితే తొందరగా మానుతుంది. ఒంటి వేడి చాలు, గంటలో అయిపోతుంది" అంది పిచ్చుక.

"ఓవెన్లో పెడదామా?"

"నూట యాభై డిగ్రీలకి తక్కువ దిగదుగా నీ ఓవెను. ముద్దయిపోతుంది."

"వేడినీళ్ళ సంచీ?" అంది అత్తయ్య.

"చల్లారిపోతుంది అత్తా. మార్చినప్పుడల్లా అంచులు కదులుతాయి. సమంగా బరువుండాలి, సమంగా వేడి ఉండాలి, గంటసేపు కదలకూడదు." అంటూ అంటూనే ఆగింది పిచ్చుక. మెల్లగా తల తిప్పింది. అత్తయ్యా అటే తిప్పింది. ఆఖరికి కత్తి మేడమ్ కూడా.

ముగ్గురూ మావయ్యనే చూస్తున్నారు. ముఖ్యంగా నడుం నుంచి కిందకి.

"ఏంటి, ఏంటలా చూస్తారు?" అని రెండడుగులు వెనక్కి వేశాడు మావయ్య.

రెండు నిమిషాల్లో బల్ల మీద షీటు, షీటు మీద గుడ్డ, గుడ్డ మీద మావయ్య. గుడ్ల మీద పొదిగే కోడిపెట్టలా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"కదలకు."

"కదలట్లేదే."

"ఊపిరి కూడా మెల్లగా పీల్చు."

పావుగంట బానే గడిచింది. తర్వాత ఎడంకాలు తిమ్మిరెక్కింది. అరగంటకి ముక్కు దురద మొదలైంది, గోకడానికి అత్తయ్య వచ్చింది. ముప్పావుగంటకి వాషర్లు కొనేవాడొకడు తలుపులోంచి తొంగిచూసి, బల్లెక్కి కూర్చున్న యజమానినీ, చుట్టూ నిలబడ్డ ముగ్గురాడవాళ్ళనీ చూసి, "రేపొస్తాన్లెండి" అని వెళ్ళిపోయాడు. అంతలో తుమ్ము! మావయ్య మొహం ఎర్రబడింది. రెండు చేతులతో ముక్కు నలిపి, కళ్ళు బయటికొచ్చేలా బిగబట్టి, తుమ్ముని ఎలా మింగాడో మింగేశాడు. కత్తి మేడమ్ పెదవి చివర కాస్త వంకర తిరిగింది. వెంటనే సర్దుకుంది.

ఐదయింది.

"లేవండి" అంది మేడమ్.

లేవడం అంత తేలికా! తిమ్మిరెక్కిన కాళ్ళు పెట్టుకుని చెరో రెక్క పట్టుకుంటే దిగాడు. ఎవరికీ షీటు ముట్టుకునే ధైర్యం లేదు. పిచ్చుక మావయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. శుభ్రమైన చెయ్యి, మొదటిసారి.

కత్తి మేడమే గుడ్డ తీసి షీటు ఒక కొస పట్టుకుని లేపింది. షీటు లేచింది. మొత్తం. రెండు చేతులా పట్టుకుని లాగింది. సాగింది కానీ తెగలేదు. కోసిన చోటు ఏదని వెలుతురుకి పట్టి వెతికింది. వేలితో తడిమింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వెతికింది.

"ఎక్కడ కోశాను నేను?"

ఎవరికీ తెలీలేదు.

నేల మీద పరిచి, గుడ్డ వేసి, దీపం తీగ తగిలించారు. "అత్తా, నువ్వు తొక్కు" అంది పిచ్చుక. అత్తయ్య విరిగి అతికిన మణికట్టు రెండో చేత్తో పట్టుకుని, ఆ రోజు మెట్టు మీద వేసినంత భయంగా అడుగు వేసింది.

దీపం వెలిగింది.

చిన్నదే. పసుపుపచ్చగా, గోరంత. కానీ అత్తయ్య "అయ్యబాబోయ్!" అని ఎగిరింది, ఎగిరి దిగేసరికి మళ్ళీ వెలిగింది. ఇంక ఆపేవాళ్ళెవరు? పిచ్చుక గెంతింది, మావయ్య తిమ్మిరి కాళ్ళతోనే గెంతాడు, దీపం కన్ను కొట్టినట్టు మిణుకుమిణుకుమంది. కత్తి మేడమ్ అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి, మేజోళ్ళతో ఒక్క అడుగు వేసింది. వెలిగింది. ఇంకో అడుగు వేసింది. అప్పుడు నవ్విందండీ! పళ్ళన్నీ కనపడేలా.

"రేపు ఎనిమిదింటికి వ్యాను పంపుతాను. నలభై షీట్లూ ఎక్కించండి, మెట్ల దగ్గర మనుషులు సిద్ధంగా ఉంటారు. పదింటికి పెద్ద అధికార్లు వచ్చి తొక్కి చూస్తారు. ఒక్క షీటు తగ్గినా కుదరదు. అన్నట్టు, అన్నిటికీ పౌడర్ చల్లేసి ఉంచారుగా?"

"ఈ రాత్రికే కడిగేస్తాను మేడమ్!" అన్నాడు మావయ్య ఛాతీ విరుచుకుని. కాగితం చింపి బుట్టలో వేసి, పిచ్చుక మెట్ల కొలతలు చూడ్డానికి మేడమ్‌తో వెళ్ళింది. అటునుంచటే ఇంటికి.

మావయ్య ఆ రాత్రి కడిగినట్టు ఎవరూ కడగలేదు. ఒక్కో షీటుని పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు సబ్బుతో తోమి, స్పిరిట్‌తో తుడిచి, నల్ల గుడ్డతో రుద్ది చూశాడు. గుడ్డ నల్లగా ఉంటేనే పక్కన పెట్టాడు. పౌడర్ మూట తీసి అటక మీదకి విసిరేశాడు. నలభయ్యోది పూర్తయ్యేసరికి రాత్రి పదయింది. షీట్లన్నీ అంచులు సరిచూసి ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చాడు. ఓవెన్ పక్కన, వెచ్చగా ఉండే బల్ల మీద. పైన బరువుకి ఇనప పలక పెట్టాడు, వంకర పోకుండా.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "పౌడర్ లేకుండా అలాగే పేర్చేస్తారా?" అంది.

"ఈ షాపులో ఇంక ఆ మాట ఎత్తకు!" అన్నాడు మావయ్య. శుభ్రమైన చేతులు ఊపుకుంటూ, ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

తెల్లారి ఏడున్నరకి తాళం తీశాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఇనప పలక దించి, పై షీటు కొస పట్టుకుని ముద్దుగా లేపాడు.

రాలేదు.

ఇంకాస్త బలంగా లేపాడు. వచ్చింది. దాని కింద షీటు కూడా వచ్చింది. దాని కిందదీ. బల్ల మీద ఏమీ మిగల్లేదు. బెత్తెడు మందాన, నున్నగా, అతుకు కనపడకుండా, చంటిపిల్లాడంత బరువుతో పరుపులా చేతుల్లో వేలాడుతోంది.

వెలుతురుకి పట్టి చూశాడు. పిచ్చుక షీటు ఎంత గొప్పదో ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు.

వీధిలో వ్యాను హారను మోగింది. దాని వెనకే పిచ్చుక సైకిలు బెల్లు, మెట్ల మీద పరుగు, తలుపు దగ్గర ఆ పిల్ల వెలిగిపోతున్న మొహం.

"మావయ్యా, వ్యాను వచ్చేసింది! షీట్లు లెక్కపెట్టావా?"

మావయ్య దాన్ని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు.

"పెట్టానమ్మా," అన్నాడు. "ఒకటి."